చేతిలో 15,000 ఉన్నాయి, చేపల యాప్‌ని జనంలోకి ఎలా తీసుకెళ్లాలి? వైజాగ్ వాళ్లు చెప్పండి

కంచరపాలెం కోడర్:
అన్నలకి, అక్కలకి నమస్తే. నేనూ నా ఫ్రెండూ కలిసి చేసిన యాప్ ప్లే స్టోర్‌లోకి వచ్చింది. ఫిషింగ్ హార్బర్‌లో ఆ రోజు వంజరం ఎంత, చందువ ఎంత, రొయ్యలు ఎంత అని పొద్దున్నే చూపిస్తుంది. బుక్ చేస్తే శుభ్రం చేయించి ఇంటికి పంపిస్తాం. ఇప్పటిదాకా వేసుకున్నవాళ్లంతా చుట్టాలూ, కాలేజీ వాళ్లూ. ప్రచారానికి 15,000 మించి పెట్టలేం. గూగుల్ యాడ్సా, ఇన్‌స్టా పేజీలా, షేర్ ఆటోల వెనక స్టిక్కర్లా? ఐఫోన్‌కి కూడా ఇప్పుడే చేయాలా? రేటింగులు ఎలా పెంచాలి?

గాజువాక కిరాణా:
ఇన్‌స్టా పేజీలకి మాత్రం రూపాయి ఇవ్వొద్దు తమ్ముడూ. ఊళ్లో పెద్ద పేజీ అని ఒకాయనకి డబ్బులిచ్చి రీల్ చేయించాం. వ్యూస్ బాగానే వచ్చాయి, కానీ చూసినవాళ్లలో చాలామంది హైదరాబాద్, బెంగళూరు వాళ్లు. గాజువాకలో కందిపప్పు డెలివరీకి వాళ్లెందుకు యాప్ వేసుకుంటారు? అడిగితే "రీచ్ వచ్చింది కదా" అన్నాడు. డబ్బులిచ్చే ముందే ఏ ఊళ్ల వాళ్లు చూస్తున్నారో, ఇన్‌స్టా చూపించే ఆ లెక్కల (ఇన్‌సైట్స్) స్క్రీన్‌షాట్ అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

రుషికొండ ఏఎస్‌ఓ:
స్టోర్‌లో వెతికినప్పుడు యాప్ పైన కనపడేలా చేయడాన్నే ఏఎస్‌ఓ అంటారు. నేను ఆ పని మీదే బతుకుతున్నా, నా మాట వినండి. యాడ్స్ తర్వాత. ముందు స్టోర్ పేజీ సరిచేయండి, దానికి పైసా ఖర్చు లేదు. యాప్ పేరుకి 30 అక్షరాలు, చిన్న వివరణకి 80, పెద్ద వివరణకి 4,000 దాకా ఇస్తారు. పేరులోనే వైజాగ్, ఫిష్ రెండూ పడాలి. తెలుగు లిస్టింగ్ విడిగా పెట్టండి. మొదటి స్క్రీన్‌షాట్‌లో లోగో కాదు, ధరల పట్టిక కనిపించాలి. ఇంకోటి, రోజూ వాడేవాళ్లలో 1.09 శాతం కంటే ఎక్కువమందికి యాప్ వాడుతుండగా ఆగిపోతే (క్రాష్ అయితే) స్టోర్‌లో యాప్ కనపడటమే తగ్గిపోవచ్చు. పాత ఫోన్లలో నడిపి చూశారా?

ద్వారకానగర్ టిఫిన్స్:
ఇవన్నీ నిదానంగా జరిగే పనులు. మేం ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపిన ప్రతి ఒక్కరికీ 20 రూపాయల కూపన్ ఇచ్చాం. రేటింగ్ చూస్తుండగానే పెరిగింది. ఇంతకంటే చవకైన ప్రచారం లేదు.

రుషికొండ ఏఎస్‌ఓ:
దయచేసి కుర్రాళ్లకి ఇలాంటివి నేర్పొద్దు. కూపన్లిచ్చి రేటింగ్ తీసుకోవడం గూగుల్ ప్లే నిబంధనలకి విరుద్ధం. రివ్యూలు పోతాయి, ఒక్కోసారి యాప్ కూడా పోతుంది.

ద్వారకానగర్ టిఫిన్స్:
పెద్ద యాప్‌లు "ఫ్రెండ్‌ని తెస్తే వంద" అంటే ఎవరూ మాట్లాడరు. మేం ఇరవై ఇస్తే మాత్రం రూల్సు గుర్తొస్తాయి!

రుషికొండ ఏఎస్‌ఓ:
అవి రెండూ ఒకటి కాదని ఎన్నిసార్లు చెప్పాలండీ? ఫ్రెండ్ మొదటి ఆర్డర్ చేశాక ఇద్దరికీ తగ్గింపు ఇవ్వడం వేరు, స్టార్లు కొనుక్కోవడం వేరు. సరుకు చేతికి అందాక, కస్టమర్ సంతోషంగా ఉన్నప్పుడు, యాప్‌లోనే రివ్యూ బాక్స్ చూపించండి. దాన్ని యాప్‌లో కలుపుకోవడానికి గూగుల్ రెడీమేడ్ కోడ్ (ఏపీఐ) ఇచ్చింది. ఎదురుగా ఏమీ ఇవ్వకూడదు.

ద్వారకానగర్ టిఫిన్స్:
మీరు క్లయింట్ల డబ్బుతో నీతులు చెప్తారు. మేం సొంత డబ్బు పెట్టినవాళ్లం.

ఎంవీపీ కాలనీ రమ్యావాళ్లమ్మ:
గొడవ ఆపండి బాబూ. కొనేది మేము, మమ్మల్ని అడగండి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఈ యాప్ లింకే పెట్టారు. తెరవగానే ఫోన్ నంబర్, ఓటీపీ, పైగా కాంటాక్ట్స్ పర్మిషన్! వంజరం ధర చూడటానికి నా కాంటాక్టులు ఎందుకు? వెంటనే తీసేశాను. మీరు ఎన్ని వేలు పెట్టి పిలిచినా గుమ్మం దగ్గరే ఆపేస్తే ఎవరొస్తారు?

పెదజాలరిపేట బిడ్డ:
అడ్డొస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా అమ్మ తెల్లారకముందే హార్బర్‌కి వెళ్లి, వేలంలో కొని, గంపతో కాలనీలు తిరుగుతుంది. అక్కడి ధర మీరు ఫోన్లో పెట్టేస్తే, ఆటో ఖర్చూ ఐసూ కలిపి ఆవిడ చెప్పే రేటు జనానికి మోసంలా కనిపిస్తుంది. ఆవిడ పొట్ట కొట్టడానికా మీ యాప్?

కంచరపాలెం కోడర్:
అక్కా, కాంటాక్ట్స్ పర్మిషన్ ఈ రోజే తీసేస్తున్నాం. లాగిన్ కూడా బుక్ చేసేటప్పుడే అడుగుతుంది. అన్నా, మీ అమ్మగారి లాంటివాళ్లని పోగొట్టాలని కాదు. మాకు చేపలు కొనిపెట్టేది కూడా హార్బర్‌లో ఆడవాళ్లే.

పెదజాలరిపేట బిడ్డ:
అయితే ఆ 15,000 వాళ్లకే ఇవ్వండి. మా అమ్మకి తన వీధుల్లో ప్రతి ఇల్లూ తెలుసు, ఎవరింట్లో ఏ చేప తింటారో కూడా తెలుసు. ఆవిడ చేతితో కార్డు ఇచ్చి "రేపు ఏం కావాలో దీంట్లో చెప్పమ్మా" అంటే వేసుకుంటారు. ఆ వీధి ఆర్డర్లు ఆవిడకే వెళ్లాలి, కమీషన్ కూడా ఆవిడకే రావాలి.

సీతమ్మధార డిజిటల్:
చాలా మంచి మాట. ఒక్కొక్కరి కార్డు మీద వేరే క్యూఆర్ వేయండి. ప్లే స్టోర్ లింకు చివర ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తు (యూటీఎం) తగిలిస్తే ఎవరి కార్డు నుంచి ఎన్ని ఇన్‌స్టాల్స్ వచ్చాయో, యాప్ చేసినవాళ్లకి గూగుల్ ఇచ్చే ప్లే కన్సోల్ పేజీలో తెలుస్తుంది. గూగుల్ యాడ్స్‌కి 15,000 కడితే 18 శాతం జీఎస్టీ పోను 12,700 చిల్లరే మిగులుతుంది. ఆటో వెనక క్యూఆర్ వేస్తే, కదిలే బండి మీద ఎవరు స్కాన్ చేస్తారు? వేస్తే లోపల, డ్రైవర్ సీటు వెనక వేయించండి. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా కూర్చున్నవాళ్లకి అదే ఎదురుగా ఉంటుంది.

ఏయూ ఫైనల్ ఇయర్:
అన్నా, నాకు అసలు స్టోర్‌లోకి వెళ్లడానికే, ముందుగా యాప్ వాడి చూసే 12 మంది టెస్టర్లు దొరకట్లేదు. 14 రోజులు వరసగా ఉండాలట. ఎవరైనా సాయం చేస్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

గాజువాక కిరాణా:
2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ డెవలపర్ అకౌంట్లకి ఆ రూల్ ఉంది. నీ క్లాసువాళ్ల జీమెయిల్స్ తీసుకో, మధ్యలో వదిలి వెళ్లిపోకుండా చూసుకో. నన్నూ కలుపుకో. కోడర్ తమ్ముడూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గుర్తుందా? మరబోట్లు కదలవు. అప్పుడు డబ్బు పెడితే ఖాళీ పట్టిక చూసి తీసేస్తారు.

ఎంవీపీ కాలనీ రమ్యావాళ్లమ్మ:
కార్తీక మాసంలోనూ పెట్టకండి, మా బ్లాకులో సగం మంది ముట్టరు. అది ముగిశాక మొదటి ఆదివారం చూడండి, అందరూ చేపల కోసమే చూస్తారు. ఇంకొకటి, కిలో అంటే శుభ్రం చేయకముందా, చేశాకా? ఇక్కడ ఎవరూ అడగలేదు, నాకు అదే ముఖ్యం.

పెదజాలరిపేట బిడ్డ:
చేయకముందే తూస్తారమ్మా, హార్బర్‌లో ఎక్కడైనా అంతే.

ఎంవీపీ కాలనీ రమ్యావాళ్లమ్మ:
మరి యాప్‌లో ఆ ముక్క ఎక్కడా లేదే! తలా తోకా పోయాక ముప్పావు కిలో వస్తే మోసమనే అనుకుంటారు, ఒక్క స్టార్ ఇస్తారు.

కంచరపాలెం కోడర్:
రెండు బరువులూ పక్కపక్కనే చూపిస్తాం అక్కా. అన్నా, కార్డులు ఇంకా ప్రింటింగ్‌కి ఇవ్వలేదు. కమీషన్ ఎంత ఉండాలో ముందు మీ అమ్మగారినే అడగాలి. ఆదివారం వేలం అయ్యాక హార్బర్‌కి రావచ్చా?