చిన్న విమానానికి పొదుపైన స్పీడ్ ఏది: 65, 86, 110?

తిరుచానూరు కుర్రాడు:
వేరే రాష్ట్రంలో పైలట్ ట్రైనింగ్ చేస్తున్నా, సెలవులకి ఇంటికొచ్చాను. మేం నడిపేది 160 హార్స్‌పవర్ సెస్నా 172. ఇంజన్ ఆగిపోతే ఎక్కువ దూరం జారుకుంటూ పోవడానికి పట్టుకోవాల్సిన స్పీడ్ దీనికి 65 నాట్లు, అంటే గంటకి 120 కిలోమీటర్లు. ఆ స్పీడ్‌లోనే గాలి నిరోధం అతి తక్కువ, కాబట్టి పెట్రోలు పొదుపు కూడా అక్కడే అని నా రూమ్మేట్ వాదన. ఇన్‌స్ట్రక్టర్ గారేమో 110కి తగ్గితే ఊరుకోరు. ఎవరిది కరెక్ట్?

అలిపిరి బుల్లెట్:
రూమ్మేట్‌దే. నా బండి కూడా నిదానంగా పోతేనే మైలేజీ ఇస్తుంది. ఇందులో చర్చ ఏముంది స్వామీ?

చిత్తూరు మాస్టారు:
బుల్లెట్ తమ్ముడూ, నీ బండి బరువుని రోడ్డు మోస్తుంది. విమానం బరువుని రెక్కే మోయాలి. వేగం తగ్గేకొద్దీ రెక్క ముక్కు పైకెత్తి గాలిని ఇంకా గట్టిగా కిందికి నెట్టాలి, దానికో నిరోధం ఉంటుంది. అది వేగం పెరిగితే తగ్గుతుంది. ఒంటికి గాలి రాసుకోవడం వల్ల వచ్చేది వేగంతో పెరుగుతుంది. రెండూ సమానమయ్యే చోటే ఆ 65. అంతకన్నా నిదానంగా పోతే పొదుపు కాదు, దండగ.

అయినా 65లో ఎవరూ ప్రయాణం చేయరు. అమెరికా నేవల్ అకాడమీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన బి.హెచ్. కార్సన్ 1980లో ఈ సంగతి మీదే ఒక పేపర్ రాశారు. దూరానికయ్యే ఇంధనాన్నీ పట్టే సమయాన్నీ గుణిస్తే ఏ వేగంలో అతి తక్కువ వస్తుందో చూశారు. జవాబు గ్లైడ్ స్పీడ్‌కి, అంటే ఇంజన్ ఆగినప్పుడు జారే ఆ స్పీడ్‌కి, 1.316 రెట్లు. మనవాడి విమానానికి అది 86 నాట్లు.

100 నాటికల్ మైళ్లు, అంటే 185 కిలోమీటర్ల దూరం తీసుకోండి. 65లో పోతే 92 నిమిషాలు. అప్పుడయ్యే ఇంధనాన్ని 100 పాళ్లు అనుకుంటే, 86లో 115 పాళ్లు, 70 నిమిషాలు. 110లో 160 పాళ్లు, 55 నిమిషాలు. మొదటి 15 పాళ్లకి 22 నిమిషాలు కలిసొచ్చాయి. తర్వాతి 45 పాళ్లకి వచ్చింది 15 నిమిషాలే. నా ఓటు 86కే.

గేరేజీ స్వామి:
మాస్టారూ, మీ లెక్కలో ఇంజన్ ఎక్కడుంది? అన్ని స్పీడుల్లోనూ ఇంజనూ ప్రొపెల్లరూ ఒకేలా పనిచేస్తాయని అనుకుంటేనే ఆ 100, 115, 160 నిజం. పైకెక్కాక మిక్స్చర్ లీన్ చేయకుండా, అంటే ఇంజన్‌లోకి పోయే గాలిలో పెట్రోలు పాలు తగ్గించకుండా పోయేవాడికి ఏ స్పీడ్‌లో పోయినా పెట్రోలు వృథానే. ఇంకోటి, ఈ రకం ఇంజన్లకి 2000 గంటలకి ఓవర్‌హాల్, అంటే మొత్తం విప్పి బాగుచేయడం. గంటల్లో కొలుస్తారు, కిలోమీటర్లలో కాదు. నిదానంగా పోయి పెట్రోల్లో మిగిల్చింది ఇంజన్ గంటల్లో పోగొట్టుకుంటారు.

రేణిగుంట గాలిపటం:
గాలి సంగతి ఎవరూ ఎత్తరేం? 20 నాట్ల ఎదురుగాలి ఉందనుకోండి. 65లో పోతే నేల మీద మిగిలేది 45. అప్పుడు పెట్రోలు పొదుపుకైనా 65 పనికిరాదు, 70 దాటాలి. 86లో పోతే 65 కన్నా పెట్రోలు 4 శాతమే ఎక్కువ, 100 నాటికల్ మైళ్లకి కలిసొచ్చేది 40 నిమిషాల పైనే. గాలి వెనక నుంచి తోస్తుంటే మాత్రం తగ్గించుకోవచ్చు.

అలిపిరి బుల్లెట్:
నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. వెళ్లి టీ తాగొస్తా.

లాగ్‌బుక్ అన్న:
కుర్రాడా, అసలు డబ్బు కడుతున్నది ఎవరు? కార్సన్ ఇంధనాన్నీ సమయాన్నీ గుణించారు, బాగుంది. కానీ లీటరు విలువా నిమిషం విలువా అందరికీ ఒకటి కాదు. నువ్వు స్కూలుకి కట్టేది గంట లెక్కన, పెట్రోలు అందులోనే కలిపి. ఊరు చేరడమే నీ పనైతే నీకు చవకైనది అన్నిటికన్నా ఎక్కువ స్పీడ్! పెట్రోలు ఎంత తాగినా నీ జేబు కాదు.

కానీ నీ పని ఊరు చేరడం కూడా కాదు. కమర్షియల్ లైసెన్సుకి కావాల్సింది 200 గంటలు. దాంట్లో 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి ఉంది. ఆ ఒక్కటి 86లో మూడున్నర గంటలు, 110లో రెండు గంటల ముప్పావు. రెండూ నీ గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లోకే పోతాయి, బిల్లు గంటకి అదే. పెట్రోలు మిగిలితే లాభం స్కూలుది. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మా స్కూల్లోనూ ఇదే గొడవ. తొందరగా రమ్మనేవాళ్లు, ఎందుకంటే తర్వాతి కుర్రాడు విమానం కోసం ఎండలో నిలబడి ఉండేవాడు.

తిరుచానూరు కుర్రాడు:
అన్నా, మా దగ్గరా అంతే! ఒక విమానానికి ఆరుగురం. 110 వెనక ఏరోడైనమిక్స్ ఉందనుకున్నా ఇన్నాళ్లూ. సరే మాస్టారూ, ఒంటరిగా పోయేటప్పుడు ఒకసారి 86 పట్టి చూస్తా, ఇన్‌స్ట్రక్టర్ గారు ఒప్పుకుంటే.

చిత్తూరు మాస్టారు:
లాగ్‌బుక్ గారి మాట కాదనలేను, నేను పెట్రోలు ఒక్కటే చూశాను. కానీ బాబూ, ఒంటరిగా అంటున్నావు కాబట్టి ఆగు. మాన్యువల్‌లో 65 అన్నది విమానం నిండు బరువుకి, అంటే దాదాపు 1040 కిలోలకి. నువ్వొక్కడివే పోతే బరువు 15 శాతం తగ్గిందనుకో, ఆ 65 కాస్తా 60కి దిగుతుంది. 1.316తో గుణిస్తే 79. పట్టి చూడాల్సింది 86 కాదు.