నైట్ చార్టు దొంగరాతలని తేలింది. వృద్ధాశ్రమం బోర్డు అధ్యక్షురాలిగా నేను ఎంతవరకు కలగజేసుకోవచ్చు?

రిటైర్డ్ హెచ్చెమ్ (ప్రశ్న)

ఒక పల్లెటూరి వృద్ధాశ్రమానికి 5 నెలలుగా బోర్డు అధ్యక్షురాలిని. పేరు గొప్పే కానీ జీతం లేదు, కూర్చోవడానికి గది కూడా లేదు. పాతాయన ఆరోగ్యం బాగాలేక తప్పుకుంటే "మీకు టైముంది కదా మేడమ్" అని నా నెత్తిన పెట్టారు. బోర్డులో ఏడుగురం. నలుగురొస్తే కోరం, ఎప్పుడూ ఆ నలుగురే వస్తాం. ఆశ్రమంలో 36 మంది పెద్దవాళ్ళున్నారు. వాళ్ళలో 11 మంది మంచం దిగలేరు.

పోయిన వారం ఒక ముసలావిడను పలకరిద్దామని వెళ్ళి, మంచానికి వేలాడుతున్న నైట్ చార్టు తీసి చూశాను. మంచం దిగలేనివాళ్ళకి ఒంటి మీద పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్కకి తిప్పి టైము రాసి సంతకం పెట్టాలి. 10, 12, 2, 4, 6. వారం మొత్తం ఒక్క గడి ఖాళీ లేదు. అనుమానం అక్కడే వచ్చింది. 31 ఏళ్ళు హోంవర్కులు దిద్దినదాన్ని. రోజూ రాసిన రాత ఎలా ఉంటుందో, ఆదివారం రాత్రి కూర్చుని వారానిదంతా ఒకేసారి గీకిన రాత ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏడు రాత్రులకీ ఒకటే చేతిరాత, ఒకటే వాలు. మంగళవారం గడిలో సిరా పల్చబడటం మొదలై, గురువారం వచ్చేసరికి కాగితం మీద గీత మాత్రమే మిగిలింది. శుక్రవారం నుంచి కొత్త పెన్ను! తల పక్కనున్న కాల్ బెల్ తీగను ముడేసి మేకుకి తగిలించారు. ఆవిడ చెయ్యెత్తినా అందదు.

ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి డ్యూటీకొచ్చిన అమ్మాయిని వరండాలో నిలబెట్టి అందరి ముందూ కడిగేశాను. ఆ పిల్ల మా వీధిదే. పొద్దున్నే మేనేజర్ నుంచి మెసేజ్: "ఇకనుంచి డ్యూటీలు కూడా మీరే వేసుకోండి మేడమ్." ఆవిడ 12 ఏళ్ళుగా ఆ ఆశ్రమాన్ని లాక్కొస్తోంది. ఇప్పుడు రాజీనామా అంటోంది. మా ఉపాధ్యక్షుడేమో "ఊరికే చేసేవాళ్ళం, మనకెందుకండీ ఈ టెన్షన్" అంటున్నారు.

తప్పు కళ్ళారా చూసి ఊరుకోవాలా? ఊరుకోకపోతే ఏ దారిన వెళ్ళాలి?

ముక్కుసూటి

ఇందులో ఆలోచించేదేముంది మేడమ్? ఆ అమ్మాయినీ, ఆ మేనేజర్‌నీ ఇద్దరినీ తీసేయండి. పెద్దవాళ్ళ ప్రాణాలతో ఆటలా?

నైట్ డ్యూటీ నర్సు

తీసేయడం తేలికేనండి. పల్లెటూరికి ఆ జీతానికి కొత్తవాళ్ళు వచ్చేదాకా నైట్ ఎవరు చేస్తారు?

మేడమ్, నేను 20 ఏళ్ళకు పైగా ఇలాంటి చోట్లే పనిచేశాను. ముందు ఒక లెక్క చూడండి, మీరు టీచరే కదా. రాత్రికి మీ దగ్గర ఇద్దరే ఉంటారనుకుంటున్నాను. కదల్లేని మనిషిని చర్మం ఒరుసుకోకుండా తిప్పాలంటే ఇద్దరూ కలిసి పట్టాలి. తిప్పి, తడి చూసి, దుప్పటి సర్ది, రాసి పక్క మంచానికి వెళ్ళేసరికి మనిషికి 6 నిమిషాలు. 11 మందికి 66 నిమిషాలు. ప్రతి 120 నిమిషాల్లో 66 అక్కడే పోతే, మిగతా 25 మందిని బాత్రూముకి తీసుకెళ్ళడం, బెల్లు కొడితే పరుగెత్తడం, ఎవరైనా పడిపోతే లేపడం అన్నీ 54 నిమిషాల్లో. ఇద్దరూ ఒక గదిలో ఉండగా ఇంకో గదిలో బెల్లు మోగితే వెళ్ళేవాళ్ళే ఉండరు. తెల్లార్లూ అందరినీ టైముకి తిప్పడం ఆ ఇద్దరి వల్ల కాదు. కాలేదని రాస్తే తిట్లు. అందుకని గడులు నింపేస్తారు.

వెనకేసుకు రావడం లేదు. నన్నడిగితే చార్టు కన్నా ఆ ముడేసిన బెల్లు పెద్ద తప్పు. చార్టులో అబద్ధం ఒత్తిడి వల్ల రావచ్చు. బెల్లు అందకుండా చేయడం మాత్రం మనిషి గొంతు నొక్కడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం ఇలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్ళలో 3లో 2 వంతుల మంది గత ఏడాదిలో పెద్దవాళ్ళ పట్ల ఏదో ఒక రకంగా తప్పుగా నడుచుకున్నామని ఒప్పుకున్నారు. వాళ్ళంతా రాక్షసులు కారు కదండీ.

ఇవాళే ఒక పని చేయించండి. నర్సు చేత 11 మందికీ నడుం కింద, మడమల దగ్గర చర్మం చూపించండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే బెడ్‌సోర్, అంటే కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండు, మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు, అప్పుడు వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి చూడాలి. ఒత్తిడి తగ్గించే పరుపులుంటే కొందరికి 2 గంటల గడువు కాస్త పెంచొచ్చు. ఎవరికి ఎంతన్నది చర్మం చూసి నర్సు, డాక్టరు చెప్పాలి. అందరికీ ఒకే చార్టు అచ్చు కొట్టించడమే అసలు తిక్క పని.

తొమ్మిదేళ్ళ కుర్చీ

మేడమ్, నేను ఇలాంటి చిన్న ఆశ్రమానికే 9 ఏళ్ళు అధ్యక్షుడిగా చేసి దిగాను. మీరు చేసిన పొరపాటు నేను మొదటి ఏడాదిలో రెండుసార్లు చేశాను.

బోర్డుకి జవాబు చెప్పాల్సిన ఉద్యోగి ఒక్కరే, మేనేజర్. మిగతావాళ్ళంతా మేనేజర్‌కి జవాబు చెప్పాలి. మీటింగు అయ్యాక అధ్యక్షుడికి విడిగా ఏ అధికారమూ ఉండదు, అధికారం బోర్డు మొత్తానిది. మీరు ఆయాని నేరుగా తిడితే రేపటి నుంచి ఆమెకి ఇద్దరు యజమానులు. అయితే కళ్ళెదుట ప్రమాదముంటే ఈ పద్ధతులేవీ చూడక్కర్లేదు. ఆ బెల్లు ముడి అక్కడికక్కడే విప్పారా? విప్పి ఉంటే మంచి పని చేశారు. అంతటితో ఆగి మేనేజర్‌కి ఫోన్ చేసి ఉండాల్సింది.

వెళ్ళి క్షమాపణ చెప్పండి, మెసేజ్‌లో కాదు, మనిషిగా. మీరు వెళ్ళిన దారికే సారీ చెప్పండి, విషయాన్ని మాత్రం వదలొద్దు. ఆ అమ్మాయికి కూడా చెప్పాలి, అందరి ముందూ అన్నారు కాబట్టి.

ఆ తర్వాత నెలనెలా మేనేజర్ నుంచి ఒక్క పేజీ అడగండి: ఇక్కడికొచ్చాక బెడ్‌సోర్స్ ఎంతమందికి వచ్చాయి, ఎంతమంది పడిపోయారు, మందుల పొరపాట్లు, అర్జెంటుగా ఆసుపత్రికి పంపినవి, మానేసిన సిబ్బంది. మొదటి రెండు నెలల్లో అంకెలు పెరుగుతాయి. పెరిగితే గాభరా పడొద్దు, నిజాలు రాయడం మొదలైందన్నమాట. అప్పుడు మీరు తిట్టారో, మళ్ళీ సున్నాలే వస్తాయి.

మీ వీధి పిల్ల అన్నారు. పల్లెలో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు, తప్పదు. మా బోర్డులో ఒకాయన బావమరిదే సామాన్లు సప్లై చేసేవాడు. ఆ అంశం వచ్చినప్పుడు ఆయన లేచి బయటికి వెళ్ళేవారు, వెళ్ళినట్టు మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, రాసేవాళ్ళం. మొదట్లో నామోషీ అనుకున్నారు, తర్వాత అలవాటైపోయింది.

చిల్లరపద్దు

ఇంకో ఆశ్రమానికి ట్రెజరర్‌ని. నర్సు గారి లెక్క ప్రకారం మీకు నైట్‌కి మూడో మనిషి కావాలి. జీతం ఎక్కణ్ణుంచి అన్నదే మీ బోర్డు తేల్చాల్సిన ప్రశ్న. గది కట్టమని ఇచ్చిన చందాను జీతాలకు తిప్పకండి, దాత ఏ పనికిచ్చారో ఆ పనికే వాడాలి. చలవరాయి మీద పేరు చెక్కుతామంటే జనం ఇస్తారు. రాత్రి రెండింటికి ముసలాయన్ని పక్కకి తిప్పే మనిషి జీతానికి ఇమ్మంటే ఆ మనిషి మీద పేరెక్కడ చెక్కుతాం? నెల ఖర్చుకి 3 నుంచి 6 రెట్లు రిజర్వు ఉంచుకోమంటారు. మీకెంతుందో ముందు చూసుకోండి.

రిటైర్డ్ హెచ్చెమ్

బెల్లు ముడి ఆ రాత్రే విప్పాను. అదొక్కటి సరిగ్గా చేశాను.

నిన్న మేనేజర్ గదికి వెళ్ళాను. సారీ చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. సొరుగు తీసి ఒక ఫైలు నా ముందు పెట్టింది. నైట్‌కి మూడో మనిషి కావాలని బోర్డుకి రాసిన అర్జీలు, రెండు. రెంటికీ మా మినిట్స్ కాపీ పిన్ను చేసి ఉంది: "తదుపరి సమావేశానికి వాయిదా." రెండోసారి నేను అధ్యక్షురాలిని కాకపోయినా బోర్డులో ఉన్నాను. హాజరైనవారి సంతకాల్లో మూడోది నాదే. ఆ రోజు మీటింగంతా గేటుకి ఏ రంగు వేయాలన్నదాని మీదే గడిచిందని గుర్తు.

చర్మాలు చూడటం అయింది. ఇద్దరికి మొదలైంది, ఒకాయనకి మడమ దగ్గర, ఆ ముసలావిడకి నడుం కింద. డాక్టరుని పిలిపించాం. ఆ అమ్మాయితో కూడా మాట్లాడాను, మేనేజర్ ఎదుటే. బెల్లు తీగ ఎవరు ముడేశారని అడగబోతుంటే తనే "నేనే" అంది. దాని మీద ఏం చేయాలో మేనేజర్ చూసుకుంటుంది, నేను కలగజేసుకోను.

గురువారం మీటింగు. మూడో మనిషి విషయం మొదటి అంశంగా పెట్టాను. ఉపాధ్యక్షుడు గారు ఫోన్ చేసి గేటు రంగు సంగతి ముందు తేల్చేద్దామా అన్నారు. ఆఖరున చూద్దామండీ, టైముంటే అన్నాను.