గాత్ర విద్యార్థికి సంగీత కళాశాల: వేటిని చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న: ఒక తల్లి

నమస్కారం. మా అమ్మాయి వచ్చే ఏడాది డిగ్రీలో చేరవలసి ఉంది. పాశ్చాత్య శాస్త్రీయ గాత్రం శ్రద్ధగా నేర్చుకుంటోంది, జాజ్ అన్నా అంతే ప్రాణం. పాటనే వృత్తిగా చేసుకోవాలని గట్టిగా నిశ్చయించుకుంది. అది మాకూ సంతోషమే. అయితే పూర్తిగా సంగీతానికే పరిమితమైన కన్సర్వేటరీలో చేర్చాలా, ఇతర విషయాలు కూడా చదువుకునే వీలున్న విశ్వవిద్యాలయంలో చేర్చాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాం. పెద్ద పేరున్న సంస్థలో సీటు వస్తే చాలు, మిగతాదంతా దానంతట అదే జరిగిపోతుందని బంధువులు అంటున్నారు. నాకేమో గొంతు ఇంకా కుదురుకోని ఈ వయసులో సరికాని శిక్షణ పడితే ఏమవుతుందోనని బెంగగా ఉంది. ఈ దారిలో నడిచినవారు, నేర్పినవారు వేటిని ముందు చూడమంటారో వివరంగా చెప్పగలరా?

జవాబు: గాత్రం బోధించే అధ్యాపకురాలు

అమ్మా, మీ బెంగలో అర్థం ఉంది, కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. పియానో మధ్యభాగంలోని ‘ఎ’ స్వరాన్ని పాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు 440 సార్లు ఒకదానినొకటి తాకుతాయి. ఊపిరి ఆసరా లేకుండా, గొంతు బిగించి రోజుల తరబడి పాడితే ఆ ఒరిపిడికి వాటి అంచుల మీద, అరచేతిలో కాయలు కాచినట్టు, చిన్న బుడిపెలు ఏర్పడవచ్చు. 18 ఏళ్ళ గొంతుకు జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన ఒపెరాల్లోని (పాటలతోనే నడిచే నాటకాల్లోని) బరువైన పాత్రలు అప్పగించే గురువు ఎంత ప్రసిద్ధుడైనా, నా విద్యార్థులను ఆయన దగ్గరికి నేను పంపను. 1854లో అద్దం సాయంతో తన స్వరతంత్రుల కదలికను చూసుకుని స్వరపేటిక పరీక్షకు బాట వేసిన మాన్యుయెల్ గార్సియా వృత్తిరీత్యా గాత్ర గురువు. పాటకూ గొంతు వైద్యానికీ అంత దగ్గరి సంబంధం ఉంది కాబట్టి, గొంతు రాసిపోయిన విద్యార్థిని ఎవరి దగ్గరికి పంపుతారని ప్రతి కళాశాలనూ తప్పక అడగండి.

ఇక ఎంపిక విషయంలో నా అభిప్రాయం స్థిరమైనది. గాత్ర విద్యార్థికి వ్యక్తిగత పాఠం సాధారణంగా వారానికి ఒక గంట ఉంటుంది, చాలామందికి చివరి వరకూ ఒకే గురువు ఉంటారు. అందువల్ల సంస్థ పేరు కన్నా ఆ గంటలో ఎదురుగా కూర్చునే మనిషి ఎవరన్నదే ముఖ్యం. కరపత్రంలో ఫొటో ఉన్న ప్రముఖ గాయకులు ఏడాదిలో ఎక్కువ భాగం కచేరీ పర్యటనల్లో ఉండవచ్చు. అప్పుడు పాఠం ఎవరు చెబుతారో ముందే తెలుసుకోవాలి. దరఖాస్తుకు ముందే పరిచయ పాఠం చెప్పడానికి చాలామంది అధ్యాపకులు ఒప్పుకుంటారు. ఆ పాఠంలో వారు ఏమి వింటున్నారో గమనించండి. అమ్మాయి పై స్వరానికి వెళ్ళేటప్పుడు గడ్డం పైకెత్తుతుంటే దాన్ని పట్టుకున్నారా, ఆ ఒక్క వాక్యాన్నే నెమ్మదిగా, నోరు మూసి హమ్ చేయించి, మళ్ళీ మాటలతో పాడించారా, చివరికి ఆ స్వరం మునుపటి కన్నా తేలికగా పలికిందా? కేవలం మెచ్చుకుని పంపితే మీకు తెలిసేది చాలా తక్కువ.

జవాబు: కన్సర్వేటరీ పట్టభద్రుడు

గురువు గురించి మేడమ్ చెప్పినది అక్షరాలా నిజం, కానీ వేదిక దొరకని గాయకుడికి ఎంత మంచి పాఠమైనా సగమే అందుతుంది. మాస్టర్స్, డాక్టరేట్ విద్యార్థులు ఎక్కువగా ఉన్న చోట ఒపెరా ప్రధాన పాత్రలు చాలావరకు వారికే వెళతాయి, డిగ్రీ పిల్లలు బృందగానంతో సరిపెట్టుకోవలసి వస్తుంది. గత రెండు మూడేళ్ళ ప్రదర్శనల కార్యక్రమ పత్రాలు అడిగి తీసుకుని, ప్రధాన పాత్రలు వేసినవారు ఏ సంవత్సరం విద్యార్థులో చూడండి.

డిగ్రీల సంగతికి వస్తే, అమెరికాలో బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్‌లో దాదాపు మూడింట రెండు వంతులు సంగీతమే ఉంటుంది. బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్‌లో సంగీతం వాటా అందులో సుమారు సగం. రెండూ కావాలనుకునేవారికి అక్కడి ఓబర్లిన్ కళాశాల వంటి చోట్ల ఐదేళ్ళ జంట డిగ్రీ ఉంది. సాధన సమయం తగ్గుతుందని నేను దానికి మొగ్గు చూపను. ఫీజు విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాసంస్థ 1928 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు, కానీ చేర్చుకునేది చాలా కొద్దిమందినే. కొత్త గాయకుల ఆదాయం నిలకడగా ఉండదు కనుక, పేరు కోసం పెద్ద అప్పు చేయడం కన్నా మంచి స్కాలర్‌షిప్ ఇచ్చే చిన్న విభాగాన్ని ఎంచుకోవడమే మేలని గట్టిగా నమ్ముతున్నాను.

జవాబు: ఆడిషన్లలో పియానో సహకారం అందించే కళాకారిణి

ఆడిషన్ గురించి రెండు మాటలు. చాలా సంస్థలు ముందుగా రికార్డింగ్ అడుగుతాయి. అది మధ్యలో కోతలు లేని ఒకే టేకులో ఉండాలి. శాస్త్రీయ విభాగానికి ఇంగ్లిష్‌తో పాటు ఇటాలియన్ వంటి మరో భాషలో పాట ఉండాలి, ఉచ్చారణ స్పష్టంగా ఉండాలి. స్వరపత్రంలో ఊపిరి తీసుకునే చోట్లను పెన్సిల్‌తో గుర్తించి, పేజీలు జారిపోకుండా ఫైలులో పెట్టి పియానిస్టుకు ఇవ్వాలి. లయ చెప్పడానికి చిటికెలు వేయడం కన్నా మొదటి వాక్యాన్ని మెల్లగా పాడి వినిపిస్తే మాకు వెంటనే అర్థమవుతుంది. అంతకుముందు చూడని స్వరపత్రాన్ని అప్పటికప్పుడు చూసి పాడే పరీక్షలో తడబడేవారిని చాలామందిని చూశాను, కాబట్టి రోజూ కొంతసేపు దానికి కేటాయించమనండి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. జాజ్, శాస్త్రీయ గాత్రం రెండూ ఒకేసారి నేర్చుకోవడం సాధ్యమేనా?

జవాబు: గాత్రం బోధించే అధ్యాపకురాలు

సాధ్యమే, కానీ ప్రధాన విషయం ఒకటే ఉంటుంది. శాస్త్రీయ గాయని మైకు లేకుండా ఆర్కెస్ట్రాను దాటి వినిపించాలి. జాజ్ గాయని మైకుతో, అప్పటికప్పుడు స్వరకల్పన చేస్తూ పాడాలి. అందుకే ఆడిషన్లు కూడా వేరు. జాజ్‌కే మొగ్గితే 1947లోనే జాజ్ డిగ్రీ ప్రారంభించిన నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయం, 1945లో మొదలైన బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల వంటివి చూడండి. శాస్త్రీయానికి మొగ్గితే, జాజ్‌ను రెండవ విషయంగా తీసుకోవడానికి ఆ విభాగం, ముఖ్యంగా ఆమె గురువు ఒప్పుకుంటారో లేదో పరిచయ పాఠం రోజునే అడగండి. కొందరు మొదటి ఏడాది ఒప్పుకోరు.