సర్వైవల్ హారర్ గేమ్‌లకి (కొద్దిపాటి తూటాలతో, సామగ్రితో భయాన్ని నెట్టుకొచ్చే వీడియో గేమ్‌లకి) అమ్మకాల్లో హద్దుందా? లేక తప్పు బడ్జెట్‌దా?

నీలిదీపం:
హద్దుందనే అంటాను. డెడ్ స్పేస్ అనే హారర్ గేమ్ సిరీస్ మీద ఇంకా డబ్బు పెట్టాలంటే ఆడేవాళ్లు 50 లక్షల దాకా ఉండాలని దాని పబ్లిషర్ ఈఏ తరఫున ఫ్రాంక్ గిబో 2012లోనే చెప్పేశారు. మరుసటి ఏడాది మూడో భాగం వచ్చింది, నాలుగోది రానేలేదు. భయపడటానికి డబ్బులిచ్చేవాళ్లు అంతమంది ఉండరండీ. చాలామంది యూట్యూబ్‌లో చూసి సరిపెట్టుకుంటారు.

ఇంకురిబ్బన్:
ఆ మూడో భాగంలో ఏం మార్చారో కూడా చెప్పాలిగా. మొదటిదాంట్లో ఒక్కో ఆయుధానికి ఒక్కో రకం తూటాలు. మీ దగ్గరున్న ఆయుధాలకు సరిపడేవే దొరుకుతాయి. అందుకే తెలిసినవాళ్లు మొదట దొరికే ఆయుధం ప్లాస్మా కట్టర్ ఒక్కటే ఉంచుకుంటారు. నాలుగు మోస్తే తూటాలు నాలుగు రకాలుగా చీలిపోయి, అవసరానికి కావలసినవి ఉండవు. ఏది మోయాలి, ఏది వదలాలి అన్న ఆ మథనమే ఆట. మూడోదాంట్లో అన్నిటికీ ఒకే రకం తూటాలు పెట్టేసరికి ఆ తలనొప్పి పోయింది, భయమూ పోయింది. పైగా కోఆప్, అంటే ఇద్దరు కలిసి ఆడటం. అదీ చాలక సామగ్రిని నిజమైన డబ్బుకి అమ్మడం! కొరతే ఆట అయినప్పుడు, ఆ కొరత తీర్చే సరుకునే అమ్మితే ఇంక మిగిలేదేంటి?

లెక్కలమాస్టారు:
అంత పెద్ద అంకె ఎందుకు కావాలో ఉజ్జాయింపుగా చూడండి. తయారీకి 6 కోట్ల డాలర్లు, ప్రచారానికి మరో 6 కోట్లు అనుకుందాం. 60 డాలర్ల గేమ్‌లో స్టోర్ 30 శాతం పట్టుకుంటే చేతికొచ్చేది 42. పెట్టుబడి రావడానికే దాదాపు 29 లక్షల కాపీలు పోవాలి, అదీ ఒక్కటి కూడా డిస్కౌంట్‌లో పోకుండా. సగటు ధర సగానికి పడితే 57 లక్షలు. ఇలాంటిదే మరో హారర్ గేమ్ ఏలియన్: ఐసొలేషన్ 2014లో వచ్చి, ఏడాది తిరక్కముందే 20 లక్షలు దాటింది. అయినా సీక్వెల్ మాట బయటికి రావడానికి 2024 దాకా పట్టింది. అదే 20 లక్షలు చిన్న జట్టుకైతే పండగే.

నీలిదీపం:
మరి కాప్‌కామ్ సంస్థ హారర్ సిరీస్ రెసిడెంట్ ఈవిల్‌లో ఆరో భాగం? అంత యాక్షన్ దట్టించినా 70 లక్షల అంచనాని కాప్‌కామ్ చివరికి 50 లక్షలకు దించుకుంది.

ఇంకురిబ్బన్:
అది నా వాదనకే సాక్ష్యం. 2017లో ఏడో భాగం మళ్లీ ఇరుకు ఇంట్లోకి వచ్చింది. ఆ మార్చికి 40 లక్షలు అనుకుంటే 35 దగ్గర ఆగింది, కానీ ఏళ్ల తరబడి అమ్ముడవుతూ కోటి దాటింది. 2019లో వచ్చిన రెండో భాగం రీమేక్ కూడా కోటి దాటింది. అందులో ఇంకా తెలివి చూపించారు: ఇంకు రిబ్బన్ (ఆటలో దొరికే టైప్‌రైటర్ రిబ్బన్) ఉంటేనే సేవ్ అనే నియమం హార్డ్‌కోర్ అనే కఠిన స్థాయికే పెట్టారు. మామూలు స్థాయి స్టాండర్డ్‌లో ఎన్నిసార్లయినా సేవ్ చేసుకోవచ్చు. సులువు స్థాయి అసిస్టెడ్‌లో గురి కుదర్చడానికి సాయం ఉంటుంది, ఆరోగ్యం కొంతవరకు తనే కోలుకుంటుంది. వెంటపడే శత్రువు మిస్టర్ ఎక్స్ అడుగుల చప్పుడు మాత్రం మూడింట్లోనూ వెంటాడుతుంది.

చివరితూటా:
1996 నుంచి పేరున్న సిరీస్‌ని చూపించి హద్దు లేదంటే ఎలా? కొత్త పేరుతో వచ్చినవాళ్ల సంగతేంటి? 2022లో ది క్యాలిస్టో ప్రోటోకాల్ అనే కొత్త హారర్ గేమ్‌కి డబ్బు బాగానే పోశారు, అనుకున్నంత అమ్ముడుపోలేదు.

లెక్కలమాస్టారు:
దానికి పోరాటమే దెబ్బ. శత్రువు ఒక్కడొస్తే కంట్రోలర్ స్టిక్ అటూ ఇటూ తిప్పి తప్పించుకోవచ్చు, ఇద్దరు మీదపడితే అంతా గందరగోళం. కానీ చివరితూటా గారి ప్రశ్న న్యాయమైనదే. 2023 అక్టోబర్‌లో పబ్లిషర్ ఎపిక్ డబ్బుతో హారర్ గేమ్ అలన్ వేక్ 2 డిజిటల్‌గా మాత్రమే వచ్చింది. పెట్టిన ఖర్చు వెనక్కి వచ్చిందని దాన్ని తయారుచేసిన రెమెడీ చెప్పింది 2025 మొదట్లో. మూడు నెలల లెక్కలు అడిగే పబ్లిషర్ చేతిలో పడుంటే ఇదే గేమ్ ఫ్లాప్ కింద జమ అయ్యేది.