మా బాబు ఛాతీలో గుంట: ఆపరేషన్ చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లె. మా బాబుకి 14 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ రొమ్ము ఎముక కాస్త లోపలికి ఉండేది. ఈ రెండేళ్లలో ఎత్తు పెరిగేకొద్దీ గుంట నిమ్మకాయ పట్టేంత లోతైంది. కబడ్డీలో రెండు కూతలకే ఆయాసపడుతున్నాడు. చొక్కా విప్పాల్సి వస్తుందని ఏటికి ఈతకే వెళ్లడం మానేశాడు, నాకు అదే ఎక్కువ బాధ.

‘పెరిగితే సర్దుకుంటుంది’ అన్నారు ఇక్కడ. వైజాగ్‌లో సీటీ తీయిస్తే హాలర్ ఇండెక్స్ (గుంట ఎంత ఎక్కువగా ఉందో చెప్పే కొలత) 3.6 వచ్చింది. 3.25 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారట. గుండె మీద ఒత్తిడి ఉందేమో చూడ్డానికి ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష ఇంకా చేయించాలి.

నస్ పద్ధతి ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను ముందుకు లేపడానికి లోపల పెట్టే కడ్డీని రెండు మూడేళ్లు ఉంచుతారని విని టెన్షన్‌గా ఉంది. మీ పిల్లలకి చేయించి ఉంటే చెప్పండి: నొప్పి ఎన్నాళ్లు ఉంది? బడికి ఎప్పుడు వెళ్లగలిగారు? ఆయాసం నిజంగా తగ్గిందా? ఆరోగ్యశ్రీలో ఒప్పుకున్నారా?