వెనుక గీతలతో టీ206 షీటును మళ్లీ కూర్చవచ్చా?

పాతకాగితం:
కొత్తవారి కోసం ముందుగా కొంత నేపథ్యం. టీ206 అంటే 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో ఉంచిన బేస్‌బాల్ కార్డులు. ఐదువందల ఇరవై పైచిలుకు బొమ్మలున్నాయి. న్యూయార్క్‌లోని అమెరికన్ లితోగ్రాఫిక్ కంపెనీ వీటిని పెద్ద షీట్ల మీద అచ్చువేసి కత్తిరించింది. కత్తిరించని పూర్తి షీటు ఒక్కటి కూడా ఇంతవరకు బయటపడలేదు. ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పే కాగితం కూడా లేదు.

అయితే పీడ్‌మాంట్ అనే సిగరెట్ల ప్రకటన వెనుక ఉన్న కార్డుల్లో పీడ్‌మాంట్ 150 అనే రకం ఒకటి. వాటిలో కొన్నింటి వెనుక, ఆ ప్రకటన మీదుగా సన్నని నీలి గీతలు కనిపిస్తాయి. అచ్చుపలక మీద పడిన గీకుళ్లలో సిరా నిలిచి కాగితానికి అంటినవి అవి. ఒక కార్డు అంచు దాటిన గీత, అదే ఎత్తులో, అదే వాలులో మరో కార్డు అంచు నుంచి మొదలైతే ఆ రెండూ పక్కపక్కన ఉన్నట్టే కదా. ఇలా ఒక్కొక్క కార్డే కలుపుతూ షీటు భాగాలను తిరిగి కూర్చినవారు ఉన్నారు. ఇది ఊహ కాదు, రుజువు అని నా వాదన. మీరేమంటారు?

అచ్చుపలక:
ప్రెస్సులో పనిచేసిన మనిషిగా చెబుతున్నాను. అచ్చులో కనిపించే ప్రతి లోపాన్నీ ఒకే గాటన కట్టకూడదు. దుమ్ము పడి వచ్చే చుక్క నాలుగు కాగితాల మీద కనిపించి ఐదో దాని మీద మాయమవుతుంది. దాన్ని పట్టుకుని పక్క కార్డును వెతకడం వృథా. మూల రాయి (రాతి అచ్చులో బొమ్మను మొదట గీసే రాయి) మీదే ఉన్న లోపమైతే, దాని నుంచి తీసిన ప్రతి నకలులోనూ కనిపిస్తుంది. షీటులో ఆ బొమ్మ పదిచోట్ల ఉంటే పదిచోట్లా అదే లోపం. అది స్థానం గురించి ఏమీ చెప్పదు. చివరి అచ్చుపలక మీద పడిన గీకుడు మాత్రమే ఒక్క చోటుకు కట్టుబడి ఉంటుంది. దాన్ని నేనూ ఒప్పుకుంటాను.

అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఆ గీత వెనుక పలకకు చెందింది. ముందు బొమ్మలకు వేరే పలకలు, రంగుకొకటి చొప్పున. ఒకే వెనుక పలకతో ఎన్ని రకాల ముందు షీట్లకు అచ్చువేశారో ఎవరికి తెలుసు?

పాతకాగితం:
మీ అభ్యంతరమే నాకు బలం. ఒకే గీత ఇద్దరు వేరువేరు ఆటగాళ్ల వెనుక కనిపించిందనుకోండి. ఆ ఇద్దరూ రెండు ముందు షీట్లలో ఒకే గడిలో ఉన్నారన్నమాట. పక్కవాళ్లతో పాటు మరో షీటులో అదే చోట ఎవరున్నారో కూడా తెలుస్తోంది. ఒక్క గీతతో ఇంత చెప్పే ఆధారం ఈ కార్డుల్లో వేరే ఏముంది? పైగా వెనుక భాగం ఒకే రంగులో ఉంటుంది కాబట్టి చదవడం తేలిక. ముందువైపు రంగు మీద రంగు పడి చిన్న లోపాలు కప్పుకుపోతాయి.

అర్ధణా_నీలం:
నేను తపాలా బిళ్లల వైపు నుంచి వచ్చాను. 1854లో కలకత్తాలో రాతి అచ్చుతో తీసిన అర్ధణా నీలం బిళ్ల షీటులో 96 గడులు. వాటి లోపాలను బట్టి ప్రతి బిళ్లకూ స్థానం కేటాయించారు. బ్రిటన్ పెన్నీ బ్లాక్‌కైతే షీటుకు 240 బిళ్లలు, అడుగు మూలల్లో అక్షరాలే స్థానం చెబుతాయి. అంటే ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. కానీ మా దగ్గర పూర్తి షీట్లో, కనీసం పెద్ద ముక్కలో మిగిలాయి. కూర్చింది నిజమా కాదా అని వాటితో సరిపోల్చుకున్నాం. టీ206కు ఆ అవకాశం లేదు. అందుకే 'పక్కపక్కన ఉన్నారు' అనే మాటకూ 'షీటు ఇలా ఉంది' అనే మాటకూ మధ్య గోడ కట్టాలి. మొదటిది గీత చెబుతుంది. రెండోది మనం చెబుతున్నాం.

సేకరణ_డల్లాస్:
షీటు వెడల్పు గురించి కూడా మాట్లాడాలి. టీ206లో సదరన్ లీగ్ (దక్షిణాది చిన్న లీగుల) ఆటగాళ్ల కార్డులు 48. అంటే నాలుగు పన్నెండ్లు. వరుసకు పన్నెండు కార్డులన్న వాదనకు మూలాల్లో ఇదొకటి. కానీ గోధుమ రంగు 'హిందూ' సిగరెట్ ప్రకటనతో వచ్చినవి చూడండి: సదరన్ లీగ్ వాళ్లు 34 మంది, పై స్థాయి మేజర్ లీగ్ వాళ్లు 102 మంది. ముప్పైనాలుగు, దానికి మూడింతలు. ఇది పన్నెండుకు లొంగదు, పదిహేడుకు లొంగుతుంది. నేను పదిహేడు వైపే.

అచ్చుపలక:
ఈ భాగహారం నాకు అసలు నచ్చదు. ఒక ముద్రణకు ఎన్ని బొమ్మలు ఎంచారన్నది వ్యాపార నిర్ణయం కావచ్చు. ఖాళీ మిగిలితే ఒక బొమ్మను రెండుసార్లు వేసి నింపుతారు. టాప్స్ కంపెనీ 1952లో తెచ్చిన బేస్‌బాల్ కార్డుల చివరి విడతలో 97 కార్డులు, షీటులో 100 గడులు. మిగిలిన మూడు గడుల్లోకి మికీ మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ రెండోసారి వచ్చారు. షీటు తెలియకుండా 97ను భాగించుకుంటూ కూర్చుంటే ఎక్కడికి చేరేవాళ్లం? 97 ప్రధాన సంఖ్య!

సేకరణ_డల్లాస్:
మంచి ఉదాహరణ, కానీ ఒక్క సంఖ్యే ఉంటే ఆ మాట చెల్లుతుంది. 34, 102 రెండూ కలిసి రావడాన్ని యాదృచ్ఛికం అని కొట్టిపారేయలేం.

అర్ధణా_నీలం:
34 వెనుక ఏదో ఉందన్న అనుమానం కలిగించడానికి ఆ రెండు సంఖ్యలూ సరిపోతాయి. షీటు వెడల్పును తేల్చడానికి సరిపోవు. ఆ 34 రెండు వరుసలా, ఒకటేనా, రెండు షీట్లకు పంచినదా?

పైగా అచ్చు నడుస్తుండగానే పలకలు మారాయి. షెర్రీ మాగీ అనే ఆటగాడి కార్డు మీద పేరులో మొదట అక్షర దోషం ఉంది. ఆ దోషం పీడ్‌మాంట్ 150లో మాత్రమే దొరుకుతుంది. తర్వాత దిద్దారు. హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డును తొందరగానే ఆపేశారు. అతని గడిలోకి ఆ తర్వాత ఎవరొచ్చారు? 'అసలు షీటు' అని ఏకవచనంలో మాట్లాడడమే నాకు ఇబ్బందిగా ఉంది.

పాతకాగితం:
ఇందులో చాలావరకు ఒప్పుకుంటాను. సంఖ్యను ముందు పెట్టుకుని గీతలను దానిలో ఇరికించడం తప్పు. కానీ మీ ఇద్దరి జాగ్రత్తా గీతల విలువను తగ్గించే దాకా వెళ్లకూడదు. తప్పుగా కత్తిరించిన కార్డులను గుర్తుచేస్తాను. పై కార్డు అడుగున ఉన్న పేరు వీటి పైఅంచున మిగిలింది. కొన్నింటిలో పైనా కిందా అదే పేరు కనిపిస్తుంది, కొన్నింటిలో వేరు పేర్లు. అంటే ఒక ఆటగాడి బొమ్మను ఒకదాని కింద ఒకటి పేర్చారు, ఒకచోట ఆ వరుస ముగిసి మరొకరు మొదలయ్యారు. గీతలు అడ్డంగా, పేర్లు నిలువుగా సాక్ష్యమిస్తున్నాయి. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసిగినప్పుడు దాన్ని ఊహ అనడం న్యాయం కాదు.

అచ్చుపలక:
పొసగడం ఒక్కటే చాలదు, ముందే చెప్పగలగాలి. ఒక గీత ఫలానా కార్డు అంచు దగ్గర ఆగింది. పక్కది ఇంకా దొరకలేదు. ఆ కార్డు వెనుక గీత ఎక్కడ, ఏ కోణంలో ఉండాలో ముందే గీసి అందరి ముందూ పెట్టండి. తర్వాత అలాంటిది బయటపడితే నేను మారు మాట్లాడను. ఇంకొక షరతు: అంచులు కోసిన కార్డులను లెక్కలోకి తీసుకోవద్దు. ఈ కార్డు మామూలు కొలత 1 7/16 అంగుళాలు, 2 5/8 అంగుళాలు. వెంట్రుకవాసి కోసినా వాలుగా పోయే గీత పక్క కార్డుతో కలవదు. ధర పెరుగుతుందని అంచులు కోయడం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆ వాగ్నర్ కార్డును కూడా కోశానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు.

పాతకాగితం:
రెండు షరతులూ సమ్మతమే. అంతు తేలని గీతల బొమ్మలను ఇక్కడే పెడతాను. నీలి గీత ఉన్న పీడ్‌మాంట్ 150 ఎవరి దగ్గరైనా ఉంటే, పక్కన కొలబద్ద పెట్టి వెనుక భాగాన్ని స్కాన్ చేసి పంపండి. గీత లీలగా ఉన్నా పంపండి. నాలుగు అంచులూ కనిపించాలి, స్కాన్ బొమ్మను సరిచేయడానికి దాని అంచులు కత్తిరించకండి.