మీల్ మేకర్ మొదలుపెట్టాక డేట్ వెనక్కి పోతోంది, ఎవరికైనా ఇలా అయిందా?

పాలమూరు బిడ్డ:
మాది జడ్చర్ల దగ్గర పల్లె. బరువు తగ్గాలని నాలుగు నెలల నుంచి అన్నం తగ్గించాను. రోజూ మీల్ మేకర్ (సోయా ముక్కలు) కూర, పొద్దున్నే సోయా పాలు. ఇదివరకు 28, 29 రోజులకు వచ్చే డేట్ ఇప్పుడు 34, 36కి వస్తోంది. వచ్చాక ఐదో రోజు కూడా తగ్గడం లేదు. మా అత్తమ్మ అయితే "ఆ స్పాంజి ముక్కలు తిని గర్భసంచి పాడు చేసుకుంటున్నావ్" అని రోజూ ఒకటే గొడవ. మానేయాలా?

మిర్యాలగూడ కోడలు:
నాకు ఉల్టా. మొదటి రోజు నొప్పికి మంచం దిగేదాన్ని కాదు. వారానికి రెండుసార్లు మీల్ మేకర్ మొదలుపెట్టి ఏడాదైంది, నొప్పి సగానికి తగ్గింది. కానీ అప్పుడే నైట్ డ్యూటీ కూడా మానేశాను, అందుకని ఈ ఘనత మీల్ మేకర్‌ది అని ఒట్టేసి చెప్పలేను.

దేవరకొండ టీచరమ్మ:
సోయాలో ఐసోఫ్లేవోన్లు ఉంటాయి, మన ఒంట్లోని ఈస్ట్రోజెన్‌ను కొంచెం పోలి ఉంటాయి, దానికంటే చాలా బలహీనం. గర్భసంచి పాడవడం వట్టి మాట. డేట్ సంగతి చూస్తే, చాలా అధ్యయనాలను కలిపి 2009లో వేసిన లెక్కలో నెలసరి సగటున ఒక్క రోజే వెనక్కి జరిగింది. మీకు ఆరేడు రోజులు జరుగుతోంది కదా, అంత తేడా సోయా ఒక్కదానితో రాదు. అన్నం బాగా తగ్గించి బరువు దిగినా డేట్ తప్పుతుంది.
నొప్పికి పనిచేస్తుందా అంటే తేలలేదు. 2005లో బ్రిటన్‌లో 23 మందితో ఒక పరీక్ష చేశారు, రోజుకు 68 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఇచ్చి. నెలసరికి ముందు వచ్చే తలనొప్పి, రొమ్ముల సలుపు తగ్గాయి. కానీ పోలికకు పాల ప్రొటీన్ ఇచ్చినప్పుడు కూడా మొత్తం బాధలు తగ్గాయి! అందుకే మిర్యాలగూడ అక్క ఒట్టు వేయకపోవడమే మంచిదైంది.

గద్వాల అక్క:
సోయా ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు పంట, మన దిక్కు చేలలో ఎక్కడ కనిపిస్తుంది? మనకు నువ్వులు, బెల్లం, జొన్న రొట్టె. అవి నొప్పి తగ్గిస్తాయని కాదు నేను చెప్పేది. నాకు బ్లీడింగ్ ఎక్కువై రక్తం 8కి పడిపోయింది. 2019-21 సర్వేలో తెలంగాణలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత అని తేలింది, నేనూ అందులో ఒకదాన్ని. ఐరన్ మాత్రతో ఎక్కింది. సోయాలో ఐరన్ బాగానే ఉంటుంది కానీ అందులోనే ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని సరిగ్గా ఒంటబట్టనివ్వవు. అది ఒంటబట్టాలంటే కూర మీద నిమ్మకాయ పిండుకో చెల్లీ.

నల్లగొండ నర్సు:
చెల్లీ, ముందు ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకున్నావా? థైరాయిడ్ మాత్రలేమైనా వాడుతున్నావా?

పాలమూరు బిడ్డ:
టెస్టు చేశాను, లేదు. థైరాయిడ్ మాత్ర రెండేళ్ల నుంచి ఉంది, 50 మైక్రోగ్రాములది. పొద్దున 7కి వేసుకుంటా. నీళ్లతో మింగబుద్ధి కాక సోయా పాలతోనే...

నల్లగొండ నర్సు:
అయ్యో తల్లీ. సోయా ఆ మాత్రను పేగుల్లో సరిగ్గా ఒంటబట్టనివ్వదు. థైరాయిడ్ తక్కువైతే డేట్ తప్పుతుంది, బ్లీడింగ్ ఎక్కువవుతుంది. పరగడుపున నీళ్లతోనే వేసుకో, సోయాకూ దానికీ 4 గంటల ఎడం పెట్టు. గద్వాల అక్క చెప్పిన ఐరన్ మాత్రకూ ఇదే ఎడం కావాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష, థైరాయిడ్ తగ్గితే ఈ అంకె పెరుగుతుంది) చేయించి డాక్టర్‌కు చూపించు, డోసు నీ అంతట నువ్వు మార్చకు. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తే మాత్రం రిపోర్టు కోసం చూడకుండా ఆసుపత్రికి పో.

మిర్యాలగూడ కోడలు:
నేనూ థైరాయిడ్ మాత్ర వేసుకున్న పది నిమిషాలకే చాయ్ తాగుతా. ఇప్పుడే భయం పట్టుకుంది.

నల్లగొండ నర్సు:
చాయ్‌కి అరగంట నుంచి గంట ఆగితే సరిపోతుంది అక్కా.

పాలమూరు బిడ్డ:
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నా. టీఎస్‌హెచ్ 11 వచ్చింది, పోయిన ఏడాది 3 ఉండేది. డాక్టర్ డోసు మార్చలేదు. సోయా పాలు సాయంత్రానికి జరపమని, 6 వారాలకు మళ్లీ రక్తం ఇవ్వమని చెప్పారు. మీల్ మేకర్ మానక్కర్లేదట. అత్తమ్మకు ఆ మాట చెబితే "ఆ డాక్టర్‌కేం తెలుసు" అంది. కానీ నిన్న రాత్రి కూర నాలుగు ముక్కలు తనే వేసుకుంది.